తిరునాళ్ల గాజు గిన్నెకు వేలంపాట!

కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లి వచ్చినవారికి రింగులాట కొట్టు గురించి వేరే చెప్పనక్కరలేదు. గుడ్డ పరిచిన బల్ల మీద సబ్బు బిళ్లలు, పౌడరు డబ్బాలు, గాజు గ్లాసులు వరసగా పేర్చి ఉంటాయి. డబ్బులిచ్చి రింగులు తీసుకోవాలి. విసిరిన రింగు దేని చుట్టూ పూర్తిగా పడితే ఆ వస్తువు మనది. పదిమందిలో తొమ్మిదిమంది చేతులూపుకుంటూ వెళ్లిపోతారు. పదోవాడు గాజు గ్లాసును తువ్వాలులో మూటగట్టి ఇంటికి తెస్తాడు. ఇల్లాలు దాన్ని గూట్లో పెడుతుంది. ఏ చంటివాడో లాగి పగలగొడతాడు. పెంకులు ఊడ్చి దిబ్బమీద పోయడంతో ఆ బహుమతి కథ ముగుస్తుంది.

సరిగ్గా ఇటువంటి సామానే అమెరికాలో ఇప్పుడు వేలంపాటలకెక్కుతున్నది. నూరేళ్ల కిందట కొన్ని సెంట్లకు అమ్మిన గాజు గిన్నెలు, సంతల్లో గురి తప్పకుండా కొట్టినవాడి చేతిలో ఊరికే పెట్టిన పళ్లేలు, పూలకూజాలు నేడు పదుల, వందల డాలర్లు పలుకుతున్నాయి. మరీ అరుదైనవి వేల డాలర్లు దాటుతున్నాయి. వీటికోసమే సంఘాలు పెట్టుకున్నవారున్నారు. ఏటేటా సభలు జరిపి, ఆ సభలోనే పాట నిర్వహించి, కొన్నవాటిని పాత గుడ్డల్లో చుట్టుకుని వందల మైళ్లు కారులో ఇంటికి తీసుకుపోయేవారున్నారు. ఆ గాజుకు అక్కడి పేరు ‘కార్నివాల్ గ్లాస్’. కార్నివాల్ అంటే మన తిరునాళ్ల వంటిదే. రంగులరాట్నం, గురి ఆటలు, మిఠాయి కొట్లతో ఊరి నుంచి ఊరికి తిరిగే సంత.

అమెరికా గాజు సంగతి మనకెందుకని పాఠకులు అడగవచ్చు. అటువంటి గాజు మన దేశంలోనూ తయారైంది. అదీ ఎక్కడో కాదు, మన ఆడపడుచుల చేతులకు గాజులు పంపే ఫిరోజాబాద్‌లో. ఆ సంగతి ముందు ముందు చెప్పుకుందాం.

రంగు పూయని రంగు

నెమలికంఠం పట్టుచీర చూసినవారికి ఈ గాజు ఎలా ఉంటుందో సులువుగా తెలుస్తుంది. నిలువు పోగు ఒక రంగు, అడ్డపోగు ఒక రంగు వేసి నేస్తే, చీర కదిలినప్పుడల్లా ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి నీలంగా కనిపిస్తుంది. ఈ గాజు కూడా అంతే. చేతిలో తిప్పితే బంగారు రంగు ఊదాగా, ఊదా నీలంగా, నీలం ఆకుపచ్చగా మారుతుంది. మొదటి రోజుల్లో దీన్ని కొందరు ‘టఫెటా గాజు’ అన్నారు. టఫెటా అంటే అలా మెరిసే పట్టుగుడ్డ. నన్నడిగితే తిరునాళ్ల పేరు కన్నా ఆ పేరే దీనికి ఎక్కువ తగింది.

ఇంతకూ ఆ రంగులు ఎవరూ పూసినవి కావు. వాన పడ్డ రోడ్డు మీద మోటారు నూనె చుక్క పడితే ఏడు రంగులు కనిపిస్తాయి. నూనెలోనూ ఆ రంగులు లేవు, నీటిలోనూ లేవు. నూనె పొర అతి పలుచగా ఉండటం వల్ల, పొర పైభాగం నుంచి తిరిగివచ్చే వెలుగూ, అడుగుభాగం నుంచి తిరిగివచ్చే వెలుగూ కలుసుకుని కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణగిపోతాయి. సబ్బు బుడగ మెరిసేదీ ఇలాగే. నెమలి ఈకలోని నీలం కూడా ఇటువంటి వెలుగు మాయే. గాజు గిన్నె మీద అటువంటి పలుచని పొరను శాశ్వతంగా నిలపడమే ఇందులోని కిటుకు.

ఆ పొర లోహపు లవణాలది. తగరం, ఇనుము లవణాలను నీళ్లలో కరిగించి, అచ్చులోంచి తీసిన గాజు ఇంకా మండుతున్న వేడి మీద ఉండగానే పిచికారీ కొడతారు. మన రైతులు పురుగుమందు కొట్టినట్టే. నీరు ఒక్కసారిగా ఆవిరైపోయి, లోహపు పొర మాత్రం గాజు ఒంటికి అతుక్కుపోతుంది. తెల్ల గాజు మీద ఇనుము లవణం కొడితే బంతిపువ్వు రంగు వస్తుంది. అక్కడివారు దాన్ని అదే అర్థం వచ్చే ‘మారిగోల్డ్’ అనే పేరుతో పిలుస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా తయారైంది, ఇప్పటికీ ఎక్కువగా దొరికేది ఈ రంగే. గాజులోనే మాంగనీసు కలిపి ఊదా, కోబాల్టు కలిపి నీలం చేసి, దాని మీద ఈ మెరుపు ఎక్కించేవారు. ఎర్ర గాజు తయారీ కష్టం, ఖర్చు కూడా. అందుకే అది తక్కువగా వచ్చింది. ఇవాళ పాటలో ధర పెరిగేదీ దానికే.

ఈ మందు కొట్టే పని ఆరోగ్యకరమైనదేమీ కాదు. ఆ లవణాలు వేడి గాజుకు తగిలితే ఘాటైన ఆమ్లపు పొగ లేస్తుంది. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. అద్దాల బీరువాలో గిన్నె మెరుపు చూసి మురిసేవారికి ఆ పొగ కనిపించదు.

కొలిమి దగ్గర పిల్లలు

అచ్చు గాజు పని చూడటానికి సులువుగా కనిపిస్తుంది. ఇసుక, సోడా, సున్నం, పాత గాజు పెంకులు కలిపి కొలిమిలో కరిగిస్తారు. ఒక పనివాడు ఇనుప కడ్డీ చివర తేనెలాంటి గాజు ముద్దను చుట్టి తెచ్చి అచ్చు మీద జారవిడుస్తాడు. రెండోవాడు కావలసినంత గాజు పడగానే కత్తెరతో తెగ్గోసి, మీట లాగి, పై అచ్చును దించి నొక్కుతాడు. కత్తిరింపు చూపులోనే ఉంది నేర్పంతా. గాజు ఎక్కువైతే గిన్నె మందమవుతుంది, తక్కువైతే అంచు నిండదు. మూడోవాడు దాన్ని మళ్లీ మంట చూపి, మెత్తబడిన అంచును కొయ్య పనిముట్టుతో చీర కుచ్చిళ్లలా మడతలు తిప్పుతాడు. తరువాత మందు. ఆ తరువాత పొడవాటి పొయ్యిలో నిదానంగా చల్లార్చాలి. గబుక్కున చల్లారితే గాజు దానంతటదే బీటవేస్తుంది.

ఒకే అచ్చులోంచి తీసినదాన్ని ఒకడు పళ్లెంలా పరుస్తాడు, ఒకడు లోతు గిన్నెలా పైకి లేపుతాడు, ఒకడు మూడు మూలలుగా వంచుతాడు. మందు కొట్టినవాడి చేతి వాటాన్ని బట్టి, గాజు వేడిని బట్టి మెరుపు మారిపోతుంది. అందుకే ఒకే అచ్చు నుంచి వచ్చిన వెయ్యి గిన్నెల్లో ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు. సేకరించేవారి పిచ్చికి మూలం ఇక్కడే ఉంది.

ఆ రోజుల్లో అమెరికా గాజు కార్ఖానాల్లో వేడి సామానును అచ్చు దగ్గర నుంచి చల్లార్చే పొయ్యికి మోసుకుపోయేది చాలా చోట్ల చిన్న పిల్లలే. 1908లో లూయిస్ హైన్ అనే ఫోటోగ్రాఫరు వెస్ట్ వర్జీనియా, ఇండియానా రాష్ట్రాల గాజు కార్ఖానాలకు వెళ్లి, రాత్రి పనిలో ఉన్న ఆ పిల్లలను ఫోటోలు తీశాడు. బాల కార్మికులకు వ్యతిరేకంగా అక్కడ జరిగిన ఉద్యమానికి ఆ ఫోటోలు ఎంతగానో ఉపకరించాయి. ఈ మెరుపు గాజు అక్కడి బజారులోకి వచ్చింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

కలవారి గాజు, లేనివారి గాజు

ఈ మెరుపు మొదట కలవారి సొత్తు. 19వ శతాబ్దం చివర న్యూయార్కులో లూయీ కంఫర్ట్ టిఫనీ చేయించిన గాజు కూజాలు, ఐరోపాలో లోట్జ్ కార్ఖానా కూజాలు ఇటువంటి మెరుపుతోనే పేరు పొందాయి. అవి నోటితో ఊది, చేత్తో తీర్చినవి. కూలివాడి ఇంటికి అవి వచ్చే మాటే లేదు.

వెస్ట్ వర్జీనియా రాష్ట్రం విలియమ్స్‌టౌన్‌లో ఫెంటన్ సోదరులు 1907లో గాజు కార్ఖానా తెరిచారు. ఊదే పని కాకుండా అచ్చులో నొక్కిన చౌక గాజుకు ఆ మెరుపు ఎక్కించి వారు బజారులో పెట్టారు. అదే రాష్ట్రంలోని వీలింగ్ పట్టణంలో కార్ఖానా నడుపుతున్న హారీ నార్త్‌వుడ్ మరుసటి ఏడాదే అందుకున్నాడు. ఆయన ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాడు, గాజు పనివారి వంశంలో పుట్టినవాడు. ఒహాయో రాష్ట్రంలో ఇంపీరియల్ కంపెనీ, పెన్సిల్వేనియాలో డూగన్ కంపెనీ కూడా రంగంలోకి దిగాయి. ఫెంటన్ సోదరుల్లో జాన్ ఫెంటన్ విడిపోయి ఒహాయోలోని మిల్లర్స్‌బర్గ్‌లో సొంత కార్ఖానా పెట్టాడు. చేసిన సామాను అద్దంలా మెరిసింది గానీ లెక్కలు కుదరలేదు. 1911లోనే దివాలా తీసింది. తక్కువ కాలం నడిచినందువల్ల ఆ కార్ఖానా సరుకు తక్కువ. తక్కువ గనుక నేడు ధర ఎక్కువ. ఆనాడు మునిగిపోయిన యజమాని సరుకు ఈనాడు ఎవరికో లాభం తెచ్చిపెడుతున్నది.

ఈ గాజు మీది బొమ్మలు చూస్తే మన ముగ్గులు, చీర అంచులు గుర్తుకు వస్తాయి. ద్రాక్ష గుత్తులు, నారింజ చెట్టు, కంచె మీద వాలిన రెండు నెమళ్లు, తామరపూలతో కలిసిన చైనా సర్పం, అదృష్టానికి గుర్తుగా గుర్రపు నాడా. గుర్రపు నాడాను ఇంటి గుమ్మానికి కొట్టుకునే అలవాటు వారికీ ఉంది, మనకూ ఉంది. ఆస్ట్రేలియాలో తయారైన గాజు మీద కంగారూ, ఈమూ పక్షి కనిపిస్తాయి. ఇంగ్లండు, జర్మనీ, స్వీడన్, ఫిన్లండు, అర్జెంటీనా దేశాల్లో కూడా ఈ పని సాగింది.

పేరు చూసి ఇదంతా సంతల్లో పంచిన సరుకే అనుకోరాదు. చాలా భాగం మామూలు దుకాణాల్లో, టోకు వర్తకుల జాబితాల ద్వారా డజన్ల లెక్కన అమ్ముడైంది. చిన్న ఊళ్లలో ఇల్లాళ్లు చిల్లర కూడబెట్టుకుని పండ్ల గిన్నెగానో, మంచినీళ్ల కూజాగానో కొనుక్కున్నారు. 1920ల్లో అక్కడి జనం అభిరుచి మారి మోజు తగ్గిపోయింది. మిగిలిన సరుకు చౌకగా సంతలవాళ్లకు చేరింది. ఆ కడపటి రోజుల జ్ఞాపకంతో, ఆ తరువాత ఎన్నో ఏళ్లకు, 1950-60 ప్రాంతంలో సేకరించేవారు దీనికి ‘కార్నివాల్’ పేరు తగిలించారు. ఇల్లాళ్లు కష్టార్జితంతో కొన్నదానికి సంతలో ఊరికే దొరికిన సరుకు అనే పేరు నిలిచిపోయింది. ఇది కొంచెం అన్యాయమే అనిపిస్తుంది.

పేర్లు పెట్టినవారు

కార్ఖానాలు ఈ సామానుకు చాలావరకు అంకెలే వేశాయి గానీ పేర్లు పెట్టలేదు. పేర్లు పెట్టింది సేకరించినవారు. కాన్సాస్ రాష్ట్రానికి చెందిన మారియన్ హార్టంగ్ అనే ఆవిడ 1960 నుంచి ఒక్కొక్క నమూనాకు బొమ్మ గీసి, వివరం రాసి, వరసగా 10 పుస్తకాలు వేసింది. ఆవిడ పెట్టిన పేర్లు అనేకం ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అటకలెక్కిన గిన్నెలు మెల్లగా కిందికి దిగడం మొదలైంది.

ధర పెరిగిన చోటికి నకిలీ రాక తప్పదు. ఇంపీరియల్ కంపెనీ 1960ల్లో, ఫెంటన్ కంపెనీ 1970లో తమ పాత అచ్చులతో మళ్లీ ఈ గాజు చేశాయి. అయితే వారు దొంగతనంగా చేయలేదు. కొత్త సరుకు అని తెలిసేలా అడుగున గుర్తు వేశారు. చిక్కల్లా గుర్తు లేని వాటితోనే. నార్త్‌వుడ్ తన సరుకు అడుగున గుండ్రటి గీతలో ‘ఎన్’ అక్షరం వేసేవాడు. ఆయన 1919లో చనిపోయాడు. ఆ గుర్తును పోలిన గుర్తుతో కొత్త గిన్నెలు బజారుకు రాసాగాయి. చివరకు అమెరికన్ కార్నివాల్ గ్లాస్ అసోసియేషన్ అనే సేకరణదారుల సంఘం ఆ ‘ఎన్’ గుర్తు హక్కును తానే కొనేసింది. వాడుకోవడానికి కాదు, వేరెవరూ వాడకుండా ఆపడానికి! పాత విత్తనాల కంపెనీ గుర్తుతో నకిలీ విత్తనాలు అంటగట్టించుకున్న మన రైతులకు ఈ జాగ్రత్త విలువ బాగా తెలుసు.

అనుభవం ఉన్నవారు గిన్నెను చేతిలోకి తీసుకోగానే ముందు మెరుపు చూడరు. తిరగేసి, అడుగు భాగాన్ని వెలుగుకు అడ్డంగా పట్టి, అసలు గాజు రంగేమిటో చూస్తారు. పైన ఎంత నీలంగా మెరిసినా అడుగున తెల్లగా ఉంటే అది తెల్ల గాజే. తరువాత అంచు చుట్టూ వేలు పోనిచ్చి పెచ్చు ఊడిందేమో చూస్తారు. పాత సామాను అడుగు ఏళ్ల తరబడి బల్లమీద రాపిడికి సన్నగా గీతలు పడి ఉంటుంది. ఇంత చూసిన మీదటే ధర మాట.

ఇంపీరియల్ కార్ఖానా 1984లో మూతపడింది. ఫెంటన్ కార్ఖానా నూరేళ్లు దాటి బతికి, 2011లో గాజు తయారీ మానేసింది.

ఫిరోజాబాద్ గ్లాసు

ఇక మన సంగతి. ఉత్తరప్రదేశ్‌లో ఆగ్రాకు తూర్పున ఉన్న ఫిరోజాబాద్ పేరు మన గాజుల కొట్లవారికి కంఠతా వచ్చు. 20వ శతాబ్దం తొలి రోజుల్లో బొహీమియా, అంటే ఈనాటి చెక్ దేశం, నుంచి మన దేశానికి గాజులు ఓడల్లో వచ్చేవి. ఆ దిగుమతి సరుకుతో పోటీ పడి నిలిచిన ఊరు ఫిరోజాబాద్. గాజులతోపాటు అక్కడ అచ్చు గ్లాసులు, కూజాలు కూడా చేశారు. వాటిలో కొన్నిటికి ఈ నెమలికంఠపు మెరుపు ఎక్కించారు. అక్కడి జైన్ గ్లాస్ వర్క్స్ పేరు ఇవాళ విదేశీ సేకరణదారులకు సుపరిచితం. ఎందుకంటే వారి గ్లాసుల్లో కొన్నిటి అడుగున ‘జైన్’ అనే ఇంగ్లీషు అక్షరాలు అచ్చులోనే పడి ఉంటాయి.

మన దేశపు సరుకులో బంతిపువ్వు రంగే ఎక్కువ. గాజు పలుచన. నీళ్ల గ్లాసుల మీద పూలు, తీగలు, ద్రాక్షలు ఉంటాయి. పూలకూజాల్లో అయితే మనవాళ్ల ఊహ పరుగులెత్తింది. తొండం ఎత్తిన ఏనుగు ఒకటి, కూజాకు చుట్టుకున్న చేప ఒకటి, కూజాను పిడికిట పట్టుకున్న చెయ్యి ఒకటి. అమెరికా, ఇంగ్లండుల్లో ఇటువంటివి మరొకరు చేయలేదని అక్కడి సేకరణదారులు ముచ్చటపడి కొంటారు. ఇంగ్లండుకు చెందిన గ్లెన్, స్టీఫెన్ థిస్టిల్‌వుడ్ దంపతులు ఈ భారతీయ గాజు మీద చాలాకాలం పరిశోధించి రాశారు. మన దేశంలో నీళ్లు తాగిన గ్లాసులకు పేర్లు పెట్టినవారు కూడా విదేశీయులే కావడం విచిత్రం.

పిల్లల పని విషయంలో ఫిరోజాబాద్‌కూ పాత అమెరికాకూ తేడా లేకపోయింది. గాజు పరిశ్రమలో పిల్లలతో పని చేయించడాన్ని 1986 చట్టం తరువాత నిషేధించారు. చట్టం రావడం ఒకటి, ఊళ్లో అమలు కావడం ఒకటి అని వేరే చెప్పాలా! తాజ్‌మహల్‌ను పొగ నుంచి కాపాడేందుకు సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు మీదట అక్కడి కొలిమిలు బొగ్గు వదిలి గ్యాసుకు మారాయి.

అటక మీద చూసుకోండి

స్టీలు సామానువాడు ఊళ్లోకి వస్తే పాత చీరలతో పాటు అటక మీది పాత గాజు సామాను కూడా దించి ఇచ్చేయడం మన ఇళ్లలో రివాజు. స్టీలు గిన్నె పగలదు, గాజు గ్లాసు పగులుతుంది. ఆ లెక్క సరైనదే. అయితే ఇచ్చే ముందు ఒకసారి తిరగేసి చూడటంలో నష్టం లేదు. అడుగున అక్షరాలున్నాయా, వెలుగులో తిప్పితే రంగు మారుతుందా, పట్టి చూస్తే సరిపోతుంది.

చూసి లక్షలు వస్తాయని కలలు కనవద్దని మాత్రం ముందే చెబుతున్నాం. అమెరికాలోనే మామూలు బంతిరంగు గిన్నె ఇరవై డాలర్ల లోపు, అంటే సుమారు రెండు వేల రూపాయల లోపు దొరికే సందర్భాలు బోలెడు. ఇరవై డాలర్ల గిన్నెను వెయ్యి డాలర్లని నమ్మించి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఫోనులో బొమ్మ చూపి, ‘దీనికి ఇంత వస్తుంది, ముందు మాకు ఖర్చులకు కొంత పంపండి’ అనేవాడికి దూరంగా ఉండాలి. నిజంగా కొనేవాడు ఎదురు డబ్బులు అడగడు.

గ్లాసు దాచుకోదలచినవారు దాన్ని బూడిదతోనో, కొబ్బరిపీచుతోనో, చింతపండుతోనో తోమరాదు. ఆ మెరుపు పొర అతి పలుచనిది. రెండు పండగలకు గట్టిగా తోమితే మూడో పండగకు తెల్ల గాజు మిగులుతుంది. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. చల్లటి గ్లాసులో మరిగే కాఫీ పోయరాదు, వేడిగా ఉన్నదాన్ని చన్నీళ్లలో ముంచరాదు.

ఇంకొక పని ఉంది, ఇది డబ్బుతో నిమిత్తం లేనిది. గ్లాసు ఎవరు కొన్నారు, ఏ సంవత్సరం ప్రాంతంలో, ఏ తిరునాళ్లలోనో ఏ పట్నం కొట్లోనో, ఎంతకు కొన్నారు, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి, ఆ గ్లాసులోనే చుట్టి పెట్టండి. నాయనమ్మ పోయాక ఆ సంగతి చెప్పేవారుండరు. ఫలానా గ్లాసు ఫలానా ఏడు బజారులో ఉందని చెప్పగల ఆ కాగితమే సేకరించేవారికి గ్లాసుతో సమానం. పాటలో రెండు ఒకేలాంటి గిన్నెలు వస్తే, పుట్టుపూర్వోత్తరాలు రాసి ఉన్నదానికే ముందు చెయ్యి లేస్తుంది.